చుక్కాని పట్టిన యంత్రం

గోదావరిలో లాంచీ ఎక్కినవాళ్ళు సరంగు చేతులకేసి ఒకసారైనా చూసే వుంటారు. లాంచీ ముక్కు కుడికి పోతే ఆయన చక్రాన్ని ఎడమకు తిప్పుతాడు. అందులో వింత లేదు. ముక్కు ఇంకా దారిలోకి రాకముందే చక్రాన్ని వెనక్కి, ఒక్కోసారి కాస్త అవతలి వైపుకు కూడా తిప్పేస్తాడే, అదీ చూడవలసింది. ఎందుకని అడిగితే "అప్పటిదాకా ఆగితే దాటిపోద్ది బాబూ" అంటాడు. ఆటోపైలట్ సిద్ధాంతంలో సగం ఈ మాటలోనే వుంది.

రష్యాలో పుట్టి అమెరికా చేరిన నికొలాస్ మైనోర్‌స్కీ 1922లో ఇదే సంగతిని లెక్కల్లో పెట్టి ప్రచురించాడు. 1923లో 'న్యూ మెక్సికో' అనే యుద్ధనౌక మీద పరీక్షలు జరిపారు. ఓడ ఎంత దారి తప్పింది, ఎంత వేగంగా తప్పుతోంది, ఎంతసేపట్నుంచి ఒకే పక్కకు లాగుతోంది — యంత్రం ఈ మూడూ చూడాలి. నేడు పడవల్లో బిగించే పెట్టె మీద వుండే రడ్డర్ గెయిన్, కౌంటర్ రడ్డర్, ట్రిమ్ అనేవి ఈ మూడింటికీ పేర్లే.

పడవ వంకరగా పోతోందనగానే చాలామంది ముందు ఈ నాబ్‌లే తిప్పుతారు. అది తలకిందుల పని అని నా అభిప్రాయం. నేను చూసినంతలో దోషం పెట్టెలో వుండటం అరుదు. చుక్కాని దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

ముందుగా పడవను చేత్తో నడిపి చూడండి. చేతికే చక్రం వదులుగా తగిలితే యంత్రం మాత్రం ఏం చేస్తుంది? రేవులో కట్టివుండగా చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించి, చుక్కాని నిజంగా కదులుతోందో లేదో కళ్ళారా చూడాలి. నూనె వత్తిడితో పనిచేసే స్టీరింగయితే గొట్టాల్లో గాలి చేరి వుండవచ్చు. అప్పుడు చక్రం మెత్తగా, స్పాంజిలా వుంటుంది. చుక్కాని ఎంత కోణంలో వుందో పెట్టెకు చెప్పే చిన్న చెయ్యి ఒకటుంటుంది. దాన్నే ఫీడ్‌బాక్ అంటాం. దాని మర వదులైతే పడవ ప్రశాంతమైన నీటిలో కూడా పాము నడక నడుస్తుంది. ఆ మర బిగించకుండా గెయిన్‌తో కుస్తీ పడితే తెల్లవార్లూ పట్టినా తెమలదు.

తరువాత కరెంటు. బాటరీ దగ్గర 12 వోల్టులు చూసి సంతృప్తి పడకండి. మోటారు చుక్కానిని తోస్తున్న క్షణంలో, పెట్టె దగ్గరి తీగల మీద కొలవాలి. ఉప్పుగాలికి చిలుమెక్కిన ఒక్క కనెక్షను చాలు, బరువు పడ్డప్పుడల్లా వోల్టేజి జారిపోయి పెట్టె తనంత తానే ఆగిపోవడానికి.

ఇక దిక్సూచి. పడవ ఉన్నట్టుండి ఒక పక్కకు తిరిగిపోతే, దాని దగ్గర ఎవరైనా ఏం పెట్టారో చూడండి. రేడియో స్పీకరో, స్పానర్ల సంచో, వంటవాడు తెచ్చిపెట్టిన ఇనప మూకుడో! ఒక దీపం వేసినప్పుడే దారి తప్పుతుంటే దాని తీగల మీద అనుమానపడాలి. పోను, రాను రెండు తీగల్నీ మెలివేస్తే వాటి అయస్కాంత ప్రభావం చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది.

ఇవన్నీ సరిగా వున్నాకనే నాబ్‌ల మీద చెయ్యి వెయ్యాలి. అలల్లేని విశాలమైన నీటిలో, మామూలు వేగంతో పోతూ, దారిని 20 డిగ్రీలు మార్చి చూడండి. పడవ బద్ధకంగా తిరిగి ఆలస్యంగా దారి పట్టుకుంటే గెయిన్ తక్కువ. దాటిపోయి, వెనక్కొచ్చి, మళ్ళీ దాటుతుంటే ఎక్కువ. గెయిన్ ఓ మాదిరిగా కుదిరాక, ఆ కొద్దిపాటి దాటడం పోయేదాకా కౌంటర్ రడ్డర్‌ను కొంచెం కొంచెంగా పెంచాలి. మరీ పెంచితే దారికి చేరకముందే పడవ తటపటాయిస్తుంది. వేగం పెరిగితే చుక్కాని మీద నీటి పట్టు పెరుగుతుంది గనుక గెయిన్ తగ్గించాలి. ఎప్పుడూ ఒకే పక్కకు నాలుగైదు డిగ్రీలు తేడా వస్తుంటే అది ట్రిమ్ పని. పెద్ద అలల్లో మాత్రం ప్రతి అలకూ చుక్కాని ఆడించనివ్వకూడదు. దానికోసం వున్న వెదర్ నాబ్ కొంచెం పెంచితే పడవ కాస్త ఊగినా మోటారూ బాటరీ బతుకుతాయి.

అన్నీ కుదిరాక రాత్రిపూట ఒంటరి సరంగుకు కునుకు తియ్యాలనిపిస్తుంది. ఈ పెట్టెకు ఎదురుగా వచ్చే నాటుపడవ కనబడదు. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాల్లో అయిదవది, కళ్ళతోనూ చెవులతోనూ ఎప్పుడూ కాపలా వుండాలనే చెబుతోంది.

మరొకటి. 1967 మార్చి 18న 'టోరీ కాన్యన్' అనే చమురు ఓడ సుమారు 1,19,000 టన్నుల ముడిచమురుతో ఇంగ్లండు నైరుతి కొసన సెవెన్ స్టోన్స్ బండల మీదికెక్కింది. పొరపాట్లు అంతకుముందే కొన్ని జరిగాయి. ఆఖరి నిమిషాల్లో చక్రం తిప్పితే ఓడ తిరగలేదు. స్టీరింగ్ మీట చేతితో నడిపే స్థానంలో లేదు. అది కనిపెట్టేసరికి సమయం మించిపోయింది. అందుచేత రేవులోకి ప్రవేశించక ముందే, ఇంకా చుట్టూ నీరు ఖాళీగా వుండగానే, ఆటోపైలట్ తీసేసి చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు కదిలిందో లేదో చూసుకోవాలి. అలాగే కుదిరిన గెయిన్, కౌంటర్ రడ్డర్ అంకెల్ని, ఖాళీ పడవకు వేరుగా, సరుకుతో వున్నప్పటికి వేరుగా, చక్రం పక్కనే పెయింటుతో రాసి పెట్టండి.