ఛాయాచిత్రమును దిద్దవచ్చునా?

గడచిన విద్యాసంవత్సరము చివర మన పాఠశాలలో పదవ తరగతివారికి గ్రూపు ఫోటో తీయించితిమి. ఆ యేడు తెలుగు మాధ్యమమున పదవ తరగతి చదివినవారు పదునలుగురు. ముందు కుర్చీలలో ఉపాధ్యాయులము కూర్చుంటిమి. వెనుక నిలుచుటకు రెండు పొడవాటి బల్లలు వేయించితిమి గాని, పిల్లలందరును ఒక్క బల్లమీదనే సరిపోయిరి. రెండవది ఖాళీగా మిగిలినది.

ఫోటో తీసిన యువకుడు మన పూర్వవిద్యార్థియే. రెండు దినములు గడచిన పిమ్మట అతడు మమ్ము తన స్టూడియోకు పిలిచి, కంప్యూటరుపై పటమును చూపి, "ఆ బల్ల బోసిగా ఉంది సార్. పోయినేడు ఫోటోలోనించి పదిమందిని తెచ్చి నిలబెట్టేస్తాను. ఎవరికీ తెలీదు. అట్లే పిల్లల ముఖాలు కొంచెం తెల్లగా చేస్తాను" అనెను. అతని మాటలో కపటము లేదు. చదివిన బడిమీది ప్రేమయే అతనిచే అట్లు పలికించినది.

మాకును క్షణకాలము ఆశ కలిగినదని ఒప్పుకొనక తప్పదు. హొసూరు ప్రాంతమున తెలుగు బడిలో బిడ్డను చేర్పింపవలెనా వలదా యని తల్లిదండ్రులు ఊగిసలాడుచున్న దినములివి. పత్రికలో నిండైన వరుస కనబడినచో నలుగురు ముందునకు వత్తురేమో! అయినను వెంటనే సరియనలేక, రేపు చెప్పెదమని యింటికి వచ్చితిమి. ఆ రాత్రి ఆలోచించిన విషయములనే విద్యార్థులకును తల్లిదండ్రులకును ఇచట పాఠముగా చెప్పుచున్నాము.

కెమెరా అబద్ధమాడదని లోకులందురు. ఈ మాట ఎంతవరకు నిజమో మొదట చూతము. ఛాయాచిత్రకళ 1839లో ఫ్రాన్సు దేశమున లోకమునకు వెల్లడియైనది. తరువాత వచ్చిన గాజుపలకలపై పూసిన రసాయనములకు ఒక లోపముండెను. అవి నీలివెలుగునకు మిక్కిలి త్వరగా లోబడును. ఎరుపును పసుపును దాదాపు గుర్తింపవు. కావున ఆకాశము సున్నము కొట్టిన గోడవలె తెల్లగా పడెడిది. మబ్బులు కనబడెడివి కావు. అట్టి పలకపై కుంకుమబొట్టు నల్లచుక్కయగును. పసుపు రాచుకొన్న చెంప మాడినట్లుండును. ఇందులో ఎవరును చేయి పెట్టలేదు. అయినను ఆ పటము చూపినది చూచినవాని కన్ను చూచినది కాదు. గుస్తావ్ లె గ్రే అను ఫ్రెంచి కళాకారుడు 1850ల నడుమ సముద్రమును ఒక నెగటివుపై, మబ్బులను వేరొక నెగటివుపై తీసి, రెంటిని ఒకే కాగితముపై అచ్చువేసెను. అతడు దిద్దినది పటమునా, పలక చేసిన తప్పునా? రెండవదియే యని మేము తలంతుము. అయితే ఒక దినపు మబ్బును మరియొక దినపు కడలిపై నిలిపినచో అది కళ యగును గాని ఆ దినపు వాతావరణమునకు సాక్ష్యము కాజాలదు.

చీకటిగదిలో పని చేసినవారికి ఇంకొక సంగతి తెలియును. నెగటివుగుండా వెలుగు ఎక్కువసేపు పడిన చోట కాగితము నల్లబడును. చేయి అడ్డుపెట్టిన చోట తెల్లగా నుండును. కావున ప్రతి అచ్చులోను అచ్చువేసినవాని తీర్పు కొంత యుండనే యున్నది. అమెరికా దేశపు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో ఒక పల్లెపై చంద్రోదయమును తీసి, అదే నెగటివునుండి పలుమార్లు అచ్చులు వేసెను. ఏండ్లు గడచినకొలది ఆకాశమును మరింత నల్లగా చేయుచు వచ్చెను. అతడు పియానో నేర్చినవాడు. నెగటివును స్వరలిపితోను, అచ్చును కచేరితోను పోల్చెను. త్యాగరాజస్వామి కృతినే ఇద్దరు విద్వాంసులు పాడినచో రెండు తీరులుగా నుండును గదా! వారిలో ఎవరు అబద్ధమాడినట్లు?

దూరదేశములు విడిచి మన వీధిలోనికి వత్తము. మేము తిరుపతిలో ఉపాధ్యాయశిక్షణ పొందుచుండగా, మా వసతిగృహము ప్రక్క స్టూడియోలో ఒక వృద్ధుడుండెడివాడు. పూర్వము నెగటివుపై సన్నని పెన్సిలు మొనతో ముఖములు దిద్దుట ఆయన వృత్తి. టచింగు అని దానికి పేరు. నెగటివులో నల్లనిది పటములో తెల్లనగును గనుక, మశూచి మచ్చపై పెన్సిలు ఆనించినచో పటములో ఆ మచ్చ మాయమగును. "ముడతలు తీసేయమంటారు, వయసు తీసేయమంటారు. నేను తీసింది పటంలోనే గదా" అని ఆయన నవ్వెడివాడు.

అట్టి పటమొకటి మా యింటనే యున్నది. మా తండ్రిగారు మా వివాహమునకు ముందే కాలధర్మము నొందిరి. పెండ్లిలో మా తల్లిగారు ఒంటరిగా కూర్చున్న పటమును చూచి మా అక్కగారు తాళలేక, తండ్రిగారి చిన్న ఫోటోనొకదానిని స్టూడియోకు తీసికొనిపోయి ఇద్దరిని కలిపించిరి. ముఖము మాత్రము ఆయనది. భుజములును కోటును స్టూడియోవారివి. పంచె, కండువా తప్ప ఎరుగని మనిషి ఆ పటమున నల్లకోటు తొడిగి కూర్చుండెను! అయినను మా తల్లిగారు ఆ పటమునకే దీపము పెట్టిరి. ఆమెకు అది అబద్ధమని ఎవరు చెప్పగలరు? ఇంటనున్న వారందరికి సత్యము తెలియును. అచట మోసపోయినవాడు లేడు.

అయితే నిరుడు మా కుమారుడు ఆ పటమును చూచి, "తాత కోటు ఇప్పుడు ఎక్కడుంది నాన్నా?" అని అడిగెను. మేము ఉలికిపడితిమి. పటము మారలేదు, చూచువాడు మారెను. తెలిసినవారు ఒక్కరొక్కరే తరలిపోవగా, ఓదార్పుకై చేసిన పటము చరిత్రయై కూర్చుండును. ఆ దినముననే దానిని గోడనుండి దించి, వెనుక అట్టపై "ముఖము తండ్రిగారిది, కోటు స్టూడియోది, పెండ్లి తరువాత కలిపించినది" అని వ్రాసి మరల తగిలించితిమి.

మా తీర్పు ఇచటనే కుదిరినది. చేయి తగిలినంతమాత్రమున పటము అసత్యము కాదు. చూచువానికి ఆ పటము ఏమని మాట ఇచ్చుచున్నదో, ఆ మాట తప్పినచో అసత్యమగును. పెండ్లి ఆల్బములో మూలనున్న ఎవరిదో పాదమును తుడిచివేసినచో ఎవరికిని నష్టము లేదు. కాని 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బహుమతి పొందిన ఒక వార్తాచిత్రమున, కట్టు కట్టించుకొనుచున్న చేతివెనుక కనబడిన పాదపు కొనను తుడిచినందుకు బహుమతినే రద్దుచేసిరి. పాదము పెద్దదా చిన్నదా యనునది అచట ప్రశ్న కాదు. వార్తాచిత్రము "ఇచట ఇదియే యుండెను" అని ప్రమాణము చేయును. 2006లో బేరూతు నగరముపై పొగను దట్టముచేసి చూపిన ఛాయాగ్రాహకుని చిత్రములు 920ని రాయిటర్సు సంస్థ తన భాండారమునుండి తొలగించుటకు కారణమును ఇదియే. 2015 డిసెంబరులో చెన్నపట్టణము వరదలలో మునిగినప్పుడు, ప్రధానమంత్రి విమానమునుండి చూచుచున్న పటమునొకదానిని కేంద్ర ప్రభుత్వ సమాచారశాఖవారు రెండు చిత్రములు కలిపి విడుదల చేసిరి. విమర్శలు రాగా తొలగించి విచారము తెలిపిరి. ఇక కసితో చేసిన మార్పులు వేరు. సోవియట్ దేశమున స్టాలిన్ ప్రక్కన కాలువగట్టున నడచిన నికొలాయ్ యెజోవ్ రహస్యపోలీసు అధిపతి. 1940లో అతనికి మరణశిక్ష జరిగెను. తరువాత ముద్రించిన పటమున అతడు నిలిచినచోట నీరు మాత్రమే కలదు.

ముఖములు తెల్లగా చేయు మాట మిగిలినది. 1994లో అమెరికా దేశపు టైమ్ పత్రిక, హత్యానేరము మోపబడిన ఒక నల్లజాతి క్రీడాకారుని ముఖమును మరింత నల్లగా మార్చి అట్టపై వేసెను. మార్పులేని అదే చిత్రము మరియొక పత్రికపై అదే వారము వెలువడుటచే గుట్టు బయటపడినది. నల్లదనమును నేరముతో ముడిపెట్టిరని జనులు మండిపడిరి. మన స్టూడియోలలో జరుగుచున్నది దీనికి తలక్రిందులు గాని, వేరు ఒక్కటే. కొన్నేండ్ల క్రిందట ఒక బాలిక తన గుర్తింపుకార్డు పటమును చేత పట్టుకొని, "ఇది నేను కాదు సార్" అని మాయొద్దకు వచ్చినది. దానిని అందముగా చేసితినని స్టూడియోవాడు సంతోషించియే యుండును. ఆ బిడ్డ కన్నులలో మాకు సంతోషము కనబడలేదు.

పూర్వము టచింగు నేర్చుటకు ఏండ్లు పట్టెడిది. 1990లో ఫోటోషాప్ వచ్చిన తరువాత ఆ విద్య గంటల పనియైనది. నేడు చేతిఫోను మీరడుగకయే పెక్కు చిత్రములను కలిపి ఒకటిగా చేయును, కొన్ని చర్మమును సైతము నునుపుచేయును. వాక్యము వ్రాసి ఇచ్చినచో పుట్టని మనిషి పటమును పుట్టించు యంత్రములును వచ్చినవి. మరియొకటి మరువరాదు: ఏమాత్రము దిద్దని పటము కూడ అబద్ధమాడగలదు. ఏనాటిదో వరదచిత్రమునకు నేటి తేది పెట్టి పంపినచో అందులో ఒక్క చుక్కయు మార్చనక్కరలేదు.

మరునాడు స్టూడియోకు పోయి, వెనుకవారి కన్నులపై నీడ పడినది గనుక వెలుగు పెంచుమంటిమి. రంగు మార్చవలదంటిమి. క్రొత్తవారిని తెచ్చి నిలుపవలదంటిమి. అతడు, "పోనీ, ఖాళీ బల్ల కత్తిరించేస్తాను సార్, అది మోసం కాదు గదా" అనెను. మంచి ప్రశ్న! మాతో వచ్చిన సహోపాధ్యాయుడొకరు దానికి ఒప్పుకొనిరి. "ఇల్లు చూపునప్పుడు పగిలిన గోడను చూపుదుమా?" అని వారి వాదము. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. కత్తిరించినను పదునలుగురు పదునలుగురే గదా.

అయినను మేము సమ్మతింపలేదు. ప్రధానోపాధ్యాయుల గదిలో పాత గ్రూపు ఫోటోలు వరుసగా వ్రేలాడుచున్నవి. కొన్నిటిలో పిల్లలు నాలుగు వరుసలుగా నిలిచి యున్నారు. ఎవరైనను మన బడి ఎట్లుండెడిదని అడిగినచో మేము చేసెడి మొదటి పని ఆ తలలు లెక్కించుటయే. ఆనాటివారు పటమును నింపియుండినచో మా లెక్క ఏమగును? ఇరువదియేండ్ల తరువాత మరియొకరు మన పటము ముందు నిలిచి లెక్కింతురు. రెండు బల్లలు వేసి, ఒకటి మిగిలినదని వారికి తెలియవలెను.

ఆ పటమును ఈ సంచికలో ముద్రించుచున్నాము. క్రింద పదునాలుగు పేర్లున్నవి. కుడిప్రక్కనున్న బల్ల ఇప్పుడు ఆరవ తరగతి గదిలో కిటికీ ప్రక్కన వేసియున్నది. దానిమీద నలుగురు కూర్చుండుచున్నారు.