గట్టి ఇనుము మోగేదాకా

మీ బండి వెనక వంగి సైలెన్సర్ గొట్టం మూతిని చూసి ఎన్నాళ్లయింది? ముందు అద్దం రోజూ తుడుస్తాం. శుక్రవారం బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. వెనక గొట్టం జోలికి మాత్రం పోం. ఈసారి ఆ గొట్టం గురించే మాట్లాడుకుందాం. అలవాట్లు బాగుచేసుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి ఆ గొట్టం దగ్గరే దొరికింది.

మాది ఏలూరు. తమ్ముడూ నేనూ కలిసి ఓ పాత వ్యాన్ కొన్నాం. సీట్లు కొన్ని తీయించి రెండు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాం. మార్పులన్నీ ఆర్‌సీలో రాయించాం. అమ్మానాన్నల్ని శ్రీశైలం తిప్పినా, అరుణాచలం తీసుకెళ్లినా అందులోనే వంట, అందులోనే పడక. అమ్మ దాన్ని 'మా వసారా' అంటుంది.

రెండేళ్లు తిరిగేసరికి గొట్టం మూతి తుప్పుపట్టి, అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. ఒక షాపులో చూపిస్తే పావుగంటలో తళతళలాడే కొత్త తొడుగు పైన బిగించి పంపేశారు. బండి వెనక భాగం అందంగా కనబడింది. ఆరు నెలలు గడిచాయి. ఆకివీడు నుంచి కైకలూరు వెళ్తుంటే ఓ గతుకులో ఏదో పడ్డ చప్పుడు. దిగి చూస్తే ఆ తొడుగు రోడ్డు మీద ఉంది, దాంతోపాటు అది పట్టుకున్న పాత గొట్టం ముక్క కూడా. తొడుగు చెక్కుచెదరలేదు, ఇంకా మెరుస్తూనే ఉంది. లోపలి ముక్కను వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. పైన పటారం, లోన లొటారం అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నా, దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

తాడేపల్లిగూడెంలో లారీలకు సైలెన్సర్ పనిచేసే పెద్దాయన ఒకరున్నారంటే వెళ్లాం. ఏలూరు నుంచి దాదాపు యాభై కిలోమీటర్లు. ఆయన రాగానే పానా తీయలేదు, గ్రైండరూ తీయలేదు. స్క్రూడ్రైవర్ తిరగేసి, దాని పిడితో మూతి దగ్గర నుంచి ఇంజను వైపు గొట్టాన్ని తట్టుకుంటూ వెళ్లారు. డొబ్, డొబ్, డొబ్. జానెడు దూరం పోయినా అదే చప్పుడు. ఇంకో నాలుగు వేళ్లు పోయాక ఖంగుమంది. ఆయన అక్కడ ఆగి, వెనక్కి వచ్చి మళ్లీ తట్టారు. మళ్లీ ఖంగుమంది. సుద్దముక్కతో గీత గీశారు.

"ఇక్కడి నుంచి ఇనుమండి. ఇటు పక్కంతా పేరుకే గొట్టం."

"బయటికి తుప్పు నాలుగు అంగుళాలే కదా బాబాయిగారూ కనపడేది?"

"ఇది లోపలి తుప్పు బాబూ. లోపలంతా తినేశాకే బయటికొస్తది. మనకి కనపడిందంటే దాని పని అయిపోయినట్టే."

ఆయన మాట అక్షరాలా నిజం. లీటరు పెట్రోలు గానీ డీజిలు గానీ మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. గొట్టం బాగా వేడెక్కితే ఆ ఆవిరి మూతి దాటి పోతుంది. చల్లగా ఉంటే లోపలే నీటిబొట్లుగా మిగిలిపోతుంది. పొగలోని ఆమ్లాలు ఆ నీళ్లలో కలుస్తాయి. డీజిల్లో గంధకం తగ్గాక ఈ బాధ కొంత తగ్గింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 ప్రమాణంలో పది లక్షల పాళ్లకు 10 పాళ్లే గంధకం, అంతకు ముందు బీఎస్ 4లో 50 ఉండేది. కానీ నీరు ఎక్కడికి పోతుంది? దానికి తోడు మా కొల్లేటి సరస్సు గాలి తేమ. ఐసులో చేపలు నింపుకుని బెంగాల్, అస్సాం వైపు వెళ్లే లారీలు కార్చే నీళ్లతో తడిసే రోడ్లు. ఇక్కడ ఇనుముకు ఆరే తీరికే ఉండదు.

ఆ సుద్దగీత చూసిన రోజు నుంచి, ఎవరైనా నా దగ్గరికొచ్చి "ఈ అలవాటు మానలేకపోతున్నాను" అంటే ఒకటే అడుగుతున్నాను. తట్టి చూశారా?

మనం సాధారణంగా చేసేది తొడుగు పని. ఆఫీసుకు ఆలస్యమవుతోందంటే కొత్త అలారం కొంటాం. అప్పు పెరిగిందంటే ఇంకో అప్పుతో కప్పుతాం. భార్యాభర్తల మధ్య మాట పెళుసెక్కితే ఓ చీరో, ఓ సినిమానో. అన్నీ మెరిసేవే. అన్నీ పట్టుకున్నది మాత్రం పుచ్చిన గొట్టాన్ని. ఆరు నెలల్లో అవి ఏదో గతుకులో రాలిపోతాయి. అప్పుడు 'నా వల్ల కాదు' అనుకుంటాం. మీ వల్ల కాకపోవడం కాదండీ, బిగించిన చోటు తప్పు.

ఈ రాత్రే ఒక కాగితం తీసుకోండి. మిమ్మల్ని బాధిస్తున్న విషయం పైన రాయండి. దాని కింద 'దీనికి ముందు ఏం జరిగింది?' అని రాసి జవాబు రాయండి. ఆ జవాబు కింద మళ్లీ అదే ప్రశ్న. అలా తట్టుకుంటూ వెనక్కి వెళ్లండి. ఎక్కడిదాకా? తప్పు మొదలైన చోటు దొరికేదాకా అని చాలామంది చెబుతారు. నేను ఇంకో నాలుగు వేళ్లు అవతలికి పొమ్మంటాను. మీరు ఇప్పటికీ సరిగ్గా, ఎవరూ చెప్పకుండా, రోజూ చేస్తున్న ఒక పని తగిలేదాకా వెళ్లండి. ఖంగుమనే చోటు అదే. కొత్త గొట్టం అతికేది అక్కడే.

మా బంధువుల అబ్బాయి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. మార్కులు తగ్గిన ప్రతిసారీ కొత్త మెటీరియల్ కొనేవాడు. కూర్చోబెట్టి కాగితం ఇచ్చాను. మార్కులు ఎందుకు తగ్గాయి? టైము చాలలేదు. ఎందుకు చాలలేదు? గడియారం పెట్టుకుని పరీక్ష రాసే అలవాటు లేదు. ఎందుకు లేదు? మార్కులు చూసుకోవాలంటే భయం. అక్కడిదాకా అంతా డొబ్ డొబ్. "రోజూ తప్పకుండా చేసేది ఏమిటిరా?" అన్నాను. కాసేపు ఆలోచించి, పొద్దున్నే పేపరు చదవడం అన్నాడు. ఏడేళ్లలో ఒక్క రోజు తప్పలేదట. ఇంకేం కావాలి! పేపరు మడిచిన వెంటనే, లేవకుండా, గడియారం పెట్టుకుని ఇరవై ప్రశ్నలు. అంతే అతికించాం. పుస్తకాలు ఒక్కటీ మార్చలేదు. నాలుగు నెలలుగా నడుస్తోంది. మార్కులు చూసుకోవడం ఇప్పుడు వాడికి పేపర్లో ఇంకో పేజీ తిప్పినంత మామూలు.

గొట్టం కథకు వస్తాను. ఆ రోజు పని అవలేదు. బోల్టులు పట్టేశాయి. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బు నట్టుకీ బోల్టుకీ మధ్య మేకు దిగ్గొట్టినట్టు కూర్చుంటుంది. బలం పెట్టి తిప్పితే బోల్టు మెడ విరుగుతుంది. అప్పుడు మూతి మార్చే పని పోయి డ్రిల్లింగు పని మొదలవుతుంది, గోటితో పోయేదానికి గొడ్డలి. మేస్త్రీ గారు నూనె పోసి, సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేసి, "రేపు పొద్దున్న రండి" అన్నారు. తెల్లారాక చేత్తో తిప్పినంత తేలిగ్గా వచ్చాయి.

మొండికేసిన మనిషి విషయంలో మనకు ఈ ఒక్క రాత్రి ఓపిక ఉండదు. కొడుకు మాట వినలేదని ఆ పూటే తేల్చేద్దామనుకుంటాం. చెప్పాల్సింది మెల్లగా, ఒక్కసారి చెప్పండి. చెప్పి వదిలేయండి. నాననివ్వండి. మర్నాడు అడగండి.

ఇంకో మాట ఆయన చెప్పారు, అది నన్ను చాలా రోజులు వదల్లేదు. "ఊరెళ్లనప్పుడు బండిని ఏం చేస్తారు?" అని అడిగారు. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తామని గర్వంగానే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "గొట్టాన్ని చంపింది అదేనండి. ఐదు నిమిషాల్లో నీళ్లు పుడతాయి గానీ ఆరవు. తీస్తే అరగంట రోడ్డు మీద తిప్పండి. లేకపోతే ముట్టుకోకండి."

మనం ఎన్ని పనుల్ని ఇలా ఐదేసి నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నామో లెక్క వేసుకోండి. ఇంగ్లీషు నేర్చుకోవడం ఐదు నిమిషాలు. యోగా ఐదు నిమిషాలు. పిల్లాడి లెక్కలు చూడటం ఐదు నిమిషాలు, మధ్యలో ఫోను. ఏదీ వేడెక్కదు. అన్నీ చెమ్మగిల్లి ఊరుకుంటాయి. వాటిలోంచి రెండు తీసుకుని, వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున నడపండి. మిగతావి కొన్నాళ్లు నిద్రపోనివ్వండి, వాటికేమీ కాదు. చిన్నగా మొదలుపెట్టమనే సలహా మంచిదే, మొదలుపెట్టడం వరకూ. అక్కడే ఆగిపోతే అదే తుప్పు.

కొయ్యడం పది నిమిషాల పని. గ్రైండరు సుద్దగీత మీద నడిచింది, నిప్పురవ్వలు ఎగిశాయి, పుచ్చిన ముక్క కిందపడింది. అసలు సమయం తీసుకున్నది తర్వాతి పని. మిగిలిన గొట్టం వ్యాసం కొలిచారు, మూడు చోట్ల కొలిచారు, ఎందుకంటే పాత గొట్టం గుండ్రంగా ఉండదు. ఎమరీ పేపరుతో అంచు రుద్దారు. కొత్త ముక్క రెండంగుళాలు పైకెక్కేలా చూసుకున్నారు.

కొయ్యడమే గొప్ప పని అనుకుంటాం గానీ, దాని తర్వాత ఏం పెడతామన్నదే పనిని నిలబెడుతుంది. దీనికి మా కొల్లేరే సాక్ష్యం. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) లోపలి సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు స్వేచ్ఛగా పరుచుకుని ఉప్పుటేరు దారిన సముద్రం చేరాలంటే గట్లు పోవాల్సిందే. పోయాయి. తర్వాత ఏళ్లలో చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఆ చెరువుల మీదే బతికిన ఊళ్లకు వాటి స్థానంలో నిలబడే బతుకుతెరువును అంతే గట్టిగా అతికించలేకపోయామని నా నమ్మకం. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడకొంగల్ని చూసినప్పుడల్లా ఆ పక్షులూ ఆ మనుషులూ ఇద్దరూ గుర్తొస్తారు. అలవాటును కోసేటప్పుడూ అంతే. సిగరెట్టు మానేస్తారు, సరే. భోజనం తర్వాత ఆ పది నిమిషాలు చేతులు ఏం చేస్తాయి? అది ముందే కొలిచి పెట్టుకోండి.

కొత్త మూతి ఏ లోహం? నేను మళ్లీ మెరిసేదే అడిగాను. మేస్త్రీ గారు రెండు ముక్కలు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఇనుము మీద క్రోమ్ పూత. రెండోది స్టెయిన్‌లెస్ స్టీలు, చూడటానికి కాస్త మసగ్గా ఉంది. పూతకు గీత పడితే కింద ఇనుము బయటపడి, తుప్పు ఆ పూత కిందే పాకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్లో కనీసం పదిన్నర శాతం క్రోమియం లోహంలోనే కరిగి ఉంటుంది. గీత పడితే గాలి తగిలి అక్కడ కొత్త పొర దానంతటదే కట్టుకుంటుంది. మర్యాదలోనూ ఈ రెండు రకాలున్నాయి. ఇంటర్వ్యూ కోసం వారం రోజుల్లో నేర్చుకున్న మర్యాద మొదటిది. ఇంట్లో, ఎవరూ చూడనప్పుడు, పనిమనిషితో మాట్లాడే తీరులో ఉన్న మర్యాద రెండోది. మొదటి దానికి ఒక్క కష్టమైన ప్రశ్న చాలు.

వెల్డింగ్ చేసేయమన్నాడు తమ్ముడు. ఆయన ఒప్పుకోలేదు. "క్లాంపు వేద్దామండి. మళ్లీ విప్పాల్సొస్తే విప్పుకోవచ్చు." గొట్టాన్ని రబ్బర్ల మీద వేలాడదీశారు, వేడికి సాగుతుంది కాబట్టి, ఇంజనుతో పాటు ఊగుతుంది కాబట్టి. బిర్రుగా కట్టేస్తే ఎక్కడో పగులుతుంది. మూతిని కొంచెం కిందికి వంచారు, నీళ్లు నిలవకుండా. మీ కొత్త దినచర్యను కూడా ఇలాగే కట్టుకోండి. ఇంట్లో పెళ్లి వస్తుంది, జ్వరం వస్తుంది, కాస్త ఊగే సందు ఉండాలి.

చివరికి ఆయన గొంతు మార్చి చెప్పిన మాట ఒకటుంది. ఇది వ్యక్తిత్వ వికాసం కబురు కాదు, ప్రాణం కబురు. "మూతి బండి అంచు దాటి బయటికి రావాలి. కింద ఆగిపోతే పొగ నేల సందుల్లోంచి లోపలికొస్తది. మీరు ఇందులో పడుకుంటారు." కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ రానివ్వదు. ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి బండిలో నిద్రపోకండి, గొట్టం కొత్తదైనా సరే. మూతి విరిగిన బండిలో మేం ఆకివీడు నుంచి ఇంటిదాకా, అమ్మానాన్నలతో, అద్దాలు వేసుకుని వచ్చాం. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

డబ్బులిచ్చి బయల్దేరుతుంటే, "ఓ ఐదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రండి" అన్నారు. ఎందుకన్నాం. వేడెక్కి చల్లారి కొత్త క్లాంపు సర్దుకుంటుందట, ఓసారి బిగించుకోవాలట.

శ్రీశైలం వెళ్లొచ్చాక వెళ్లాం. ఆయన బండి కిందికి దూరి, స్క్రూడ్రైవర్ పిడితో రెండుసార్లు తట్టి విన్నారు. పానా పెట్టారు. నట్టు పావు చుట్టు తిరిగింది.