అటక మీది స్పీకర్లను కిందికి దించు చెల్లీ!

ఆఫీసు మీటింగు కంప్యూటర్‌లోనే, పిల్లల క్లాసులు అందులోనే. రాత్రి గిన్నెలు సర్దేసి, మనసు కాస్త తేలికపడాలని పెట్టుకునే ఘంటసాల పాటా అందులోనే. తీరా పాట పెడితే ఏముంది? ల్యాప్‌టాప్ అడుగున ఉండే ఆ రెండు బుల్లి స్పీకర్లలోంచి ఘంటసాలగారి గొంతు కూడా సన్నబడిపోయి వస్తుంది. వెనక మృదంగం మోగిందో లేదో తెలియదు. పోనీ మంచి స్పీకర్లు కొందామంటే షాపువాళ్లు చెప్పే ధరకి గుండె గుభేలుమంటుంది. ఫీజులున్నాయి, గ్యాసుంది, ఇప్పుడు పాటలొకటే తక్కువయ్యాయా అని మనకి మనమే సర్దిచెప్పుకుంటాం. అవునా, కాదా?

ఇక సర్దిచెప్పుకున్నది చాల్లే. ఆ టీ చల్లారకముందే తాగి, నేను చెప్పేది విను. ఇది వేలకి వేలు పోయక్కర్లేని పని. పైగా నీ చేతులతో నువ్వే చేసుకోగలిగిన పని.

కొనడం మాట తర్వాత. ముందు ఇంట్లో వెతుకు. మనలో చాలామంది ఇళ్లలో పాత క్యాసెట్ల కాలంనాటి మ్యూజిక్ సిస్టమ్ ఒకటి అటకెక్కి ఉంటుంది. దాని పక్కన నిలబెట్టే రెండు చెక్క పెట్టెలు గుర్తున్నాయా? పుస్తకాల అరలో పట్టే ఆ సైజు పెట్టెలనే బుక్‌షెల్ఫ్ స్పీకర్లంటారు. క్యాసెట్ తిరగడం మానేసిందనీ, సీడీ పట్టడం లేదనీ మొత్తం సెట్టునే మూలన పడేస్తాం గానీ, చాలాసార్లు ఆ పెట్టెలకి ఏమీ అయి ఉండదు. పాత సామాన్ల బండికి తూకానికి వేసెయ్యకు తల్లీ!

దించాక తడిగుడ్డ పట్టుకుని పైపైన తుడిచెయ్యకు. ముందు గుడ్డ తొడుగు తీసి లోపల చూడు. గుండ్రటి కాగితపు కోను చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది. దాన్ని వేలితో సున్నితంగా తాకి చూడు. రబ్బరుదో గుడ్డదో అయితే చాలాకాలం ఆగుతుంది. ఫోముదైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. అలా రాలినా కంగారుపడకు, స్పీకర్లు బాగుచేసేవాళ్లు ఆ అంచొక్కటీ మార్చిస్తారు. తర్వాత గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని, స్పీకరు వెనక ఉన్న రెండు కొసలకి ఒక్క క్షణం తాకించి తీసెయ్. ‘టప్’మని చిన్న చప్పుడు వచ్చి కోను కదిలిందా? అది బతికే ఉంది. సెల్లు ప్లస్సు వైపు ఏ కొసకి తగిలినప్పుడు కోను ముందుకొస్తుందో ఆ కొస ప్లస్సు. దానికో ఎర్ర టేపు ముక్క చుట్టు. ఆ గుర్తుతో మనకి తర్వాత పనుంది.

ఇంకో సంగతి. క్యాసెట్ పోయినా, ఆ పాత సిస్టమ్‌లో లైటు వెలుగుతోందా? అయితే నీ అదృష్టం పండినట్టే. దాని వెనక ‘ఆక్స్’ అనో ‘లైన్ ఇన్’ అనో రాసి, ఎరుపూ తెలుపూ రంగుల్లో రెండు గుండ్రటి సాకెట్లున్నాయేమో చూడు. ఉంటే ఒక చివర హెడ్‌ఫోన్ పిన్ను, రెండో చివర ఎరుపు, తెలుపు పిన్నులు ఉండే కేబుల్ ఒక్కటి కొంటే సరిపోతుంది. రెండు మూడు వందల లోపు ఖర్చు, అంతే! ‘ఫోనో’ అని రాసి ఉన్నదాంట్లో మాత్రం పెట్టకు. అది రికార్డు ప్లేయరుది, అందులో పెడితే పాట పగిలిపోయినట్టు వినిపిస్తుంది.

సిస్టమ్ పూర్తిగా చచ్చిపోయి, పెట్టెలు మాత్రమే మిగిలాయనుకో. ఇక్కడే మనందరికీ ఒక దిగులు పట్టుకుంటుంది. వైర్లు ఎలాగో అతికించి కంప్యూటర్ హెడ్‌ఫోన్ సాకెట్‌కి తగిలిస్తాం. వినీ వినబడనట్టు ఏదో గొణుగుడు వస్తుంది. స్పీకర్లు పాడయ్యాయేమో, కంప్యూటర్‌కి ఏమన్నా అయిందేమో అని భయం వేస్తుంది. స్పీకర్లు పాడవలేదు. ఆ సాకెట్ చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్ల కోసం చేసింది. సుమారు ఒక వోల్టు ఇవ్వగలదు గానీ, అంత పెద్ద కోనుని ఊపడానికి కావలసినంత కరెంటుని పంపలేదు. మధ్యలో యాంప్లిఫయర్ ఉండాల్సిందే. అలా నేరుగా కలపడం సాకెట్‌కీ మంచిది కాదు, అందుకని ఆ అతుకులు విప్పేసెయ్.

నీ స్పీకర్లకి యాంప్లిఫయర్ కావాలో అక్కర్లేదో తెలుసుకోవడం తేలిక. వెనక గోడ ప్లగ్గులో పెట్టే కరెంటు తీగ ఉంటే యాంప్లిఫయర్ లోపలే ఉన్నట్టు. ఇందాక చెప్పిన కేబుల్ చాలు. ఎరుపు, నలుపు క్లిప్పులు మాత్రమే ఉంటే విడిగా కొనాలి.

షాపుకెళ్లి అడగాలంటే బెరుకు, కదూ? ‘ఎన్ని వాట్లమ్మా?’ అని వాళ్లు అడగ్గానే మన నోట మాట రాదు. డబ్బా మీద వేలల్లో పీఎమ్‌పీవో అంకెలు చూపించి పెద్దది అంటగడతారు. ఆ అంకెని పట్టించుకోకు. ఆర్‌ఎమ్‌ఎస్, అంటే నిలకడగా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో అడుగు. టేబుల్ ముందు కూర్చుని వినేవాళ్లకి ఒక్కో స్పీకరుకి ఇరవై వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ ధారాళంగా సరిపోతుంది. మామూలుగా పాట వినేటప్పుడు ఒకటి రెండు వాట్లు కూడా ఖర్చవవు. ఒక చీటీ మీద ఇలా రాసుకుని వెళ్లు: ‘రెండు ఛానెళ్ల స్టీరియో యాంప్లిఫయర్, ఛానెల్‌కి 20 వాట్లు ఆర్‌ఎమ్‌ఎస్, 4 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్లకి, పెట్టెలో బిగించినది, అడాప్టర్‌తో సహా.’ స్పీకరు వెనక ఎన్ని ఓమ్‌లని ఉందో అదీ చీటీ మీద ఎక్కించు. యాంప్లిఫయర్‌కి చెప్పిన ఓమ్‌లకంటే స్పీకరు ఓమ్‌లు తక్కువ ఉండకూడదు, ఎక్కువున్నా పర్వాలేదు.

హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటివి వరసపెట్టి దొరుకుతాయి. ఉత్త బోర్డు చాలనుకుంటే, టీపీఏ3116 అనే చిప్‌తో చేసినవి అడుగు. 12 నుంచి 24 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి, చిన్న గదికి కావలసినదానికంటే ఎక్కువే ఇస్తాయి. డబ్బు మరీ ఇబ్బందిగా ఉంటే పీఏఎమ్8403 అని అగ్గిపెట్టె కన్నా చిన్న బోర్డు ఉంటుంది. 5 వోల్టుల ఫోన్ ఛార్జర్‌తో నడుస్తుంది, మహా అయితే మూడేసి వాట్లే ఇస్తుంది. నెమ్మదిగా వినడానికి అదీ నయమే. అయితే దానికి కరెంటు అదే కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి ఇవ్వకు, పాటతోపాటు కిచకిచలు కూడా రావచ్చు.

ఖరీదైన స్పీకర్ వైరు కొనమంటే వద్దని చెప్పెయ్. టేబుల్ మీది నాలుగడుగుల దూరానికి, కరెంటు సామాన్ల షాపులో దొరికే ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు, రెండు తీగలది, ఎంచక్కా పనిచేస్తుంది. చివర ఒక సెంటీమీటరు తొక్క తీసి, రాగి పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి క్లిప్పులోకి దూర్చు. ఒక్క పోగు బయటికొచ్చి పక్కదానికి తగిలినా యాంప్లిఫయర్‌కి ప్రమాదం. కుడి స్పీకరు మైనస్‌నీ ఎడమ స్పీకరు మైనస్‌నీ కలిపి ఒకే వైరుతో లాగొద్దు. ఈ కొత్తరకం బోర్డులు అలా కలిపితే కాలిపోవచ్చు.

ఇప్పుడా ఎర్ర టేపు గుర్తు చూసుకుని ప్లస్సు ప్లస్సుకే, మైనస్సు మైనస్సుకే పెట్టు. సరిగ్గా పెట్టావో లేదో చూడ్డానికి నీకు ఏ మీటరూ అక్కర్లేదు, 1950లు, 60ల నాటి పి. సుశీలగారి సినిమా పాట ఒకటి చాలు. అప్పటి మన పాటలు మోనోలో రికార్డు చేశారు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తుంది. రెంటికీ సమదూరంలో కూర్చుని కళ్లు మూసుకో. సుశీలగారు సరిగ్గా నీ ఎదురుగా, రెండు పెట్టెల నడుమ నిలబడి పాడుతున్నట్టుంటే వైర్లు బాగున్నాయి. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయి, తబలా బోలుగా వినిపిస్తే ఒక స్పీకరుకి తీగలు తారుమారయ్యాయి. ఆ ఒక్కదానికి మార్చు, చాలు.

బల్లమీది కంప్యూటరైతే వెనకవైపు పచ్చ రంగు సాకెట్‌లో పెట్టు. గులాబీ రంగుది మైకుది. సాకెట్టే లేని సన్నటి ల్యాప్‌టాపా? యూఎస్‌బీ-సీకి పెట్టే, రెండో చివర హెడ్‌ఫోన్ సాకెట్ ఉండే చిన్న తోక కేబుల్ కొనుక్కో. మానిటర్‌ని హెచ్‌డీఎమ్‌ఐతో కలిపి ఉంటే, దాని వెనకే హెడ్‌ఫోన్ సాకెట్ ఉందేమో చూడు, ఆ ఖర్చూ మిగులుతుంది. బ్లూటూత్ పాటలకి ఫర్వాలేదు గానీ, సినిమాకి ఒక్కోసారి పెదవులొకచోట, మాటొకచోట అయి విసుగొస్తుంది.

అంతా అయ్యాక ‘గుయ్య్’మని ఎడతెగని మోత వస్తే? నీరసపడిపోకు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడు. మోత ఆగిందంటే ఎర్తింగ్ గొడవన్నమాట. కంప్యూటర్‌నీ యాంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని కేబుల్ మధ్యలో పెట్టే చిన్న డబ్బా కొన్ని వందలకే వస్తుంది. ఎవరన్నా ఛార్జర్ ఎర్త్ పిన్ను విరిచెయ్యమని సలహా ఇస్తే వినకు. ఇంట్లో పిల్లలున్నారు, ఆ పిన్ను ఉన్నది మన ప్రాణాలకోసం.

ఇక పెట్టే చోటు. పేరు బుక్‌షెల్ఫ్ అయినా, పుస్తకాల మధ్య ఇరికించకు. వెనకవైపు రంధ్రం ఉంటే గోడకి కనీసం జానెడు ఎడం ఉంచు, లేకపోతే గది మొత్తం బుమ్ బుమ్మంటుంది, పక్కవాటావాళ్లు తలుపు తడతారు. పైనున్న చిన్న స్పీకరు నీ చెవి ఎత్తుకి రావాలి. కింద రెండు లావుపాటి పుస్తకాలో, పాత మౌస్‌ప్యాడో పెట్టు. నీకూ వాటికీ ఉన్న దూరం, వాటి మధ్య దూరం దాదాపు ఒకటే ఉండేట్టు, మొహాలు నీవైపు కాస్త తిప్పు. ఇవన్నీ పైసా ఖర్చులేని పనులే గానీ, వెయ్యి రూపాయలు పెట్టి కొన్న దేనికంటే వీటివల్లే పాట ఎక్కువ బాగుపడుతుంది.

కంప్యూటర్‌లో సౌండ్ ముప్పాతికకి పైన ఉంచి, ఎక్కువా తక్కువా యాంప్లిఫయర్ మరతోనే చేసుకో. స్విచ్చి వేసే ముందు ఆ మర సున్నాలో ఉండాలి. వైర్లు మార్చాల్సొచ్చినప్పుడు యాంప్లిఫయర్ ప్లగ్గు గోడనుంచి పీకేశాకే చెయ్యిపెట్టు, సరేనా? ఈ ఆదివారమే అటక తలుపు తియ్యి.