గది కిరాయి, చేతిలో కాగితం

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి పోయే పెద్ద రోడ్డు మీద ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది ఊళ్లు వస్తాయి. ఇస్నాపూర్ నుంచి లోపలికి పోతే పాశమైలారం. ఇంకో దిక్కు బొల్లారం, జిన్నారం. ఎటు చూసినా కంపెనీలే. మందుల కంపెనీలు, ఇనుము కంపెనీలు, ప్లాస్టిక్ కంపెనీలు.

ఇక్కడికి పని కోసం నారాయణఖేడ్ నుంచి వస్తారు. జహీరాబాద్ నుంచి వస్తారు. బీహార్, ఒడిశా నుంచి కూడా వస్తారు. వచ్చినవాళ్లకు మొదట పని కావాలి. ఆ వెంటనే గది కావాలి. పని దొరికినంత తొందరగా గది దొరకదు.

గది అంటే ఎట్లా ఉంటుంది? వరసగా ఐదో, పదో గదులు. పైన రేకులు. అందరికీ కలిపి ఒక బాత్రూం, ఒక నల్లా. ఎండకాలం పగలు లోపల కూర్చోలేరు. ఈ ఊళ్లల్లో పొలాలు పోయినవాళ్లు చాలామంది ఇట్లాంటి గదులు కట్టుకున్నారు. వాళ్లకు ఇప్పుడు కిరాయే పంట.

ఒక అక్క సంగతి చూద్దాం. ఆమెది నారాయణఖేడ్ దిక్కు. భర్త లేడు. ఇద్దరు పిల్లలు. కాంట్రాక్టరు పిలిచిన రోజు కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. పిలవని రోజు అడ్డా మీద నిలబడుతుంది. పెండ్లిళ్ల కాలంలో వంటలకు పోతుంది. నెలలో ఎన్ని రోజులు పని ఉంటుందో ఆమెకే తెలియదు.

ఒక గేటు మీద బోర్డు కనబడింది. ఆమె కూడబలుక్కొని చదివింది. "గది కిరాయికి ఇవ్వబడును." గేటు కొట్టింది.

"గది ఉందా అమ్మా?"

"ఉంది. మీ ఆయన ఏం పని చేస్తడు?"

"ఆయన లేడమ్మా. నేనే పనికి పోత."

"ఏ కంపెనీ? జీతం చీటి ఉందా?"

"చీటి లేదమ్మా. పిలిచిన కాడికి పోత."

"మరి నెల నెలా కిరాయి ఎట్ల కడతవ్? మగదిక్కు లేని ఇంటికి గది ఇయ్యం."

మగదిక్కు మాట సరైంది కాదు. పని చేసేది ఆమె, కిరాయి కట్టేది ఆమె. కానీ కిరాయి ఎట్లా కడతావన్న మాటలో ఇంటామె భయం కూడా ఉంది. గది ఇచ్చినాక కిరాయి రాకపోతే ఎవరిని అడగాలి? పర్మనెంటు కార్మికుడి దగ్గర కంపెనీ కార్డు ఉంటుంది, జీతం చీటి ఉంటుంది. ఈ అక్క దగ్గర ఏ కాగితమూ లేదు.

నాలుగు గేట్లు తిరిగినాక ఒక గది దొరికింది. నెలకు 3,000 రూపాయలు. రెండు నెలల అడ్వాన్సు 6,000. అడ్వాన్సు చేతిలో పెట్టింది. రసీదు అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అనుకుంది. పద్నాలుగు నెలలు ఉంది. ఖాళీ చేసే రోజు ఓనరు లెక్క చెప్పాడు.

"మార్చి కిరాయి రాలే. అది పట్టుకుంటున్న. సున్నానికి ఇంకో వెయ్యి."

"మార్చిది ఇచ్చిన సార్. ఉగాది ముందు రోజు ఇచ్చిన. మీరు బండి మీద కూసోని ఉండిరి."

"ఇచ్చినట్టు ఏమన్న ఉందా?"

ఏమీ లేదు. ఆరు వేలలో ఆమె చేతికి రెండు వేలు వచ్చాయి. అడ్డా మీద నాలుగు వేలు సంపాదించాలంటే ఎన్ని పొద్దులు నిలబడాలి!

ఓనరు అబద్ధమే ఆడాడో, నిజంగానే మర్చిపోయాడో చెప్పలేం. పది గదుల కిరాయి తీసుకునే మనిషి మర్చిపోవచ్చు కూడా. కాగితం ఉంటే ఆ తగాదాయే రాదు.

రెండో గది తీసుకునే ముందు ఆమె ఒక పది రూపాయల నోటుబుక్కు కొన్నది. పొదుపు సంఘం లీడరును వెంట తీసుకొని పోయింది. సంఘంలో నెల నెలా పొదుపు కట్టిన పాసుబుక్కు చూపించింది. జీతం చీటి లేకపోయినా నెల నెలా కట్టే అలవాటు ఉందని ఆ పుస్తకం చెప్పింది. మొదటి నెల కిరాయి ఇచ్చేటప్పుడు నోటుబుక్కు ముందు పెట్టింది.

"ఏందమ్మా, నమ్మకం లేదా?" అన్నది ఇంటామె.

"నమ్మకం ఉందమ్మా. మర్చిపోతనని రాసుకుంటున్న. మీకూ లెక్క ఉంటది."

ఇంటామె సంతకం పెట్టింది. ఆ పుస్తకంలో ఇట్లా ఉంది. పైకి చదవండి.

"జూన్ నెల గది కిరాయి 3,000 రూపాయలు, కరెంటు 344 రూపాయలు, మొత్తం 3,344 రూపాయలు ముట్టినవి. తేదీ. సంతకం."

అడ్వాన్సుకు కూడా ఇట్లాగే రాయించుకోవాలి. "ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వగలను" అనే మాట అందులో ఉండాలి. ఓనరు సంతకం పెట్టనంటే ఫోనులో డబ్బు పంపవచ్చు. పంపేటప్పుడు "జూన్ కిరాయి" అని రాయాలి. అది బ్యాంకు లెక్కలో ఉంటుంది. ఫోను లేకపోతే పక్క గది ఆమెను వెంట పెట్టుకొని ఇవ్వాలి.

కరెంటు 344 ఎట్లా వచ్చింది? చాలాచోట్ల ఓనరు ప్రతి గదికీ చిన్న మీటరు పెడతాడు. పోయిన నెల ఆ మీటరులో 412 ఉంది. ఈ నెల 455 ఉంది. 455లో 412 తీస్తే 43 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలని ముందే మాట అయింది. 43ను 8తో గుణిస్తే 344. అంకెలు వచ్చినవాళ్లు ఈ లెక్క ఎవరినీ అడగక్కరలేదు. గదిలోకి దిగిన రోజే మీటరు అంకె పుస్తకంలో రాసుకోవాలి. లేకపోతే వెనకటి వాళ్లు వాడిన కరెంటు కూడా మన నెత్తిన పడుతుంది.

అన్ని గదులకూ కరెంటు ఆఫీసు మీటరు ఒక్కటే ఉంటే ఇంకో నష్టం ఉంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. పది గదుల యూనిట్లు ఒకే బిల్లులో కలిస్తే పైధర పడుతుంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. కిరాయికి ఉన్నవాళ్లకూ ఇది ఉంది. కానీ లెక్కకు వచ్చేది కరెంటు ఆఫీసు మీటరే. ఓనరు పెట్టిన చిన్న మీటరు లెక్కకు రాదు. అందుకే గది చూసేటప్పుడు మీటరు కూడా చూడాలి.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. నీళ్లు ఎప్పుడు వస్తాయి? బాత్రూం ఎన్ని కుటుంబాలకు? గడియ లోపలి నుంచి పడుతుందా? ఊరి నుంచి అమ్మ వచ్చి వారం ఉంటే కిరాయి పెంచుతారా? కొన్నిచోట్ల మనిషికి ఇంత అని తీసుకుంటారు. సున్నం ఖర్చు ఎవరిది? ఇవన్నీ అడ్వాన్సు ఇచ్చే ముందు అడగాలి. ఇచ్చినాక అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

కొందరు ఓనర్లు స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయిస్తారు. ఎక్కువగా 11 నెలలకు రాస్తారు. అందులో కిరాయి అంకె, అడ్వాన్సు అంకె, తేదీ చదువుకోవాలి. ఖాళీ చోటు వదిలిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఒక నకలు అడగాలి. ఆధార్ కార్డు జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా "కిరాయి గది కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయాలి. అప్పుడు దాన్ని ఇంకో పనికి వాడటం కష్టం.

పని చేస్తున్నట్టు చూపే కాగితాలు కూడా సంపాదించుకోవచ్చు. అడ్డా కూలీలు, ఇంట్లో కుట్టుపని చేసేవాళ్లు ఈ-శ్రమ్ కార్డు తీసుకోవచ్చు. ఇది 2021 ఆగస్టులో మొదలైంది. 12 అంకెల నెంబరు ఇస్తారు. కాంట్రాక్టరు కింద పని చేస్తే నియామక పత్రం అడగాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం అది ఇవ్వాలి.

కొంతమంది కాంట్రాక్టరు ఇచ్చిన షెడ్డులోనే ఉంటారు. కిరాయి ఉండదు. కానీ పని ఆగితే గూడు కూడా ఆగమవుతుంది. 2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ వచ్చింది. కందిలో ఐఐటీ కట్టడం పనికి వచ్చిన వేరే రాష్ట్రాల కార్మికులు పని లేక చిక్కుకుపోయారు. కూలి కోసం, ఇంటికి పోవడం కోసం గొడవ పడ్డారు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే.

గదుల్లో ఉన్నవాళ్లకు పని ఆగింది, కిరాయి ఆగలేదు. 2020 మార్చి 29న కేంద్ర ప్రభుత్వం కార్మికుల నుంచి ఒక నెల కిరాయి అడగొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మూడు నెలలు కిరాయి వసూలు చేయొద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలని చెప్పింది. అంటే కిరాయి మాఫీ కాలేదు, వెనక్కు జరిగింది. ఏ నెలది కట్టారు, ఏ నెలది బాకీ అన్న లెక్క అప్పుడు ఎంత అవసరమో ఆలోచించండి.

మామూలు రోజుల్లో చట్టం ఏమంటుంది? ఇది 1882 నాటి పాత చట్టం. నెలవారీ కిరాయి గదిని ఖాళీ చేయించాలంటే 15 రోజుల ముందు కాగితం మీద నోటీసు ఇవ్వాలి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ మాట చెల్లుతుంది. మునిసిపాలిటీలలో 1960 నాటి కిరాయి చట్టం కూడా ఉంది. కిరాయి కట్టినవాళ్లు రసీదు అడగవచ్చని అది చెబుతుంది. సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపకూడదంటుంది. అయితే కొత్త ఇళ్లకు, కిరాయి ఎక్కువ ఉన్న ఇళ్లకు ఈ చట్టం వర్తించదు.

సామాను బయట పడేస్తామని బెదిరిస్తే ఒంటరిగా గొడవ పడొద్దు. సంగారెడ్డి కోర్టులో న్యాయ సేవల సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయం ఎంత ఉన్నా వకీలు సాయం ఉచితం. ఫోను నెంబరు 15100. పోయేటప్పుడు నోటుబుక్కు తీసుకొని పోవాలి. మొదట అడిగేది అదే.

రాసి చూడండి

ఆ అక్క గది మీటరులో జూన్‌లో 455 ఉంది. జూలైలో 506 ఉంది. యూనిట్‌కు 8 రూపాయలు. కిరాయి 3,000. జూలై నెలకు మొత్తం ఎంత కట్టాలి? ఆ లెక్కతో ఒక రసీదు మీ పుస్తకంలో రాయండి. మీరు కిరాయి గదిలో ఉంటే మీ గది మీటరు అంకె చూసి పక్కనే రాసుకోండి.