చెట్టు గాయం మానదు, మూసుకుంటుంది

మీ బడి ఆవరణలో వేపచెట్టో, కానుగచెట్టో, తురాయిచెట్టో ఉండే ఉంటుంది. రేపు విరామంలో దాని కింద నిలబడి పైకి చూడండి. ఎప్పుడో కొమ్మలు కొట్టిన గుర్తులు కనిపిస్తాయి. ఒకచోట గాయం చుట్టూ బెరడు గాజులాగా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. మరొకచోట ఎండిన మొండి పొడుచుకొని ఉంటుంది. దాని మొదట్లో తొర్ర. రెండు గాయాలూ ఒకే చెట్టువే. ఒకటి మూసుకుంది, రెండవది కుళ్ళింది. ఎందువలన?

మన చేయి తెగితే పాత కణాల స్థానంలో కొత్త కణాలు పుట్టి చర్మం మళ్ళీ ఏర్పడుతుంది. చెట్టుకు అలా జరుగదు. దెబ్బతిన్న కొయ్యను అది బాగుచేసుకోలేదు. అందుకు బదులు గాయం చుట్టూ లోపల గోడలు కట్టుకుంటుంది. నీరు మోసే నాళాలను పూడ్చివేస్తుంది. శిలీంధ్రాలకు గిట్టని రసాయనాలను అక్కడ నింపుతుంది. బయట, బెరడుకూ కొయ్యకూ నడుమ ఉండే విభాజ్య కణజాలం కొత్త కొయ్యను పెంచుతూ అంచులనుండి గాయం మీదికి పాకుతుంది. పాత గాయం లోపల అలాగే మూతపడి ఉంటుంది. అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షిగో వేలాది చెట్లను రంపంతో నిలువునా కోసి పరిశీలించి, 1970 దశకంలో ఈ సంగతిని వివరించారు.

ఎక్కడ కోయాలి?

కొమ్మ మానునుండి బయలుదేరే చోట కొద్దిగా ఉబ్బు ఉంటుంది. దానిని కొమ్మ మెడ అందాం. గోడలు కట్టే ఏర్పాటంతా ఇక్కడే ఉంది. మానుకు ఆనించి నున్నగా కోస్తే ఈ మెడ పోతుంది. గాయం పెద్దదై కుళ్ళు మానులోకి దిగుతుంది. జానెడు మొండి వదిలితే, ఆకులు లేని ఆ ముక్క చచ్చి శిలీంధ్రాలకు దారి అవుతుంది. కనుక మెడకు వెలుపలగా, మెడను తాకకుండా కోయాలి. కోసినచోట తారు పూసినా కుళ్ళు ఆగదు.

లావు కొమ్మను ఒక్క కోతతో తీయకూడదు. సగం తెగేసరికి అది తన బరువుతోనే విరిగి మాను బెరడును చీల్చుకుపోతుంది. అందుకే మూడు కోతలు. మొదటిది మానుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, కింది వైపునుండి కొంతమేర. రెండవది ఇంకొంచెం అవతల, పైనుండి పూర్తిగా. బరువంతా పడిపోయాక, మిగిలిన మొండిని మెడ దగ్గర తీసే కోత మూడవది.

తల నరికితే?

ఆకులే చెట్టుకు వంటిళ్ళు. ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించి ఆకును తీయకపోవడం మంచిది. కొందరు చెట్టు తలను అడ్డంగా నరికిస్తారు. కొమ్మ చివర తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది మొగ్గలను అణచి ఉంచుతుంది. తల పోగానే ఆ అణచివేత పోయి, బెరడు కింది మొగ్గలన్నీ గుంపుగా చిగురిస్తాయి. చూడటానికి చెట్టు దట్టంగా ఉంటుంది. కాని ఈ కొత్త కొమ్మలు పై పొరలకే అంటుకొని ఉంటాయి. వాటి కింది కొయ్య కుళ్ళుతూ ఉంటుంది. కొన్నేళ్ళకు అవి బరువెక్కి గాలివానకు ఊడిపడతాయి. ఆ నీడలోనే కదా మీరు అన్నం తినేది!

రాలిన ఆకులు

ఊడ్చిన ఆకులకు నిప్పు పెడితే పొగలోని సన్నని రేణువులు మీ ఊపిరితిత్తులలోకి చేరతాయి. నేలకు చెందవలసిన సారమూ పోతుంది. గుంతలో ఎరువు చేయండి. సూక్ష్మజీవులకు సుమారు 30 వంతుల కర్బనానికి 1 వంతు నత్రజని కావాలి. ఎండుటాకులో కర్బనం అంతకంటే ఎక్కువ. అందుచేత ఎండుటాకు పొరల మధ్య పచ్చిగడ్డి, పేడ వేయాలి. పిండిన గుడ్డలో ఉన్నంత తడి ఉంచి, అప్పుడప్పుడు తిరగవేయాలి.

ఒక ప్రయోగం చేయండి. ఎండ సమానంగా పడే చోట ఒక్కొక్క మీటరు చదరాలు రెండు గీయండి. రెండింటిలోనూ చెరొక బిందె నీరు పోయండి. ఒకదానిపై 5 సెంటీమీటర్ల మందాన ఎండుటాకు పరచి, రెండవదానిని వదిలివేయండి. మూడు రోజుల తరువాత వేలితో మట్టి తవ్వి చూడండి. ఏది ఇంకా తడిగా ఉంది? చెట్టు మొదలుకు ఏమి కావాలో తెలుస్తుంది.

మీ పని ఏది?

చెట్టెక్కడం, రంపం పట్టడం, కరెంటు తీగల దగ్గరకు పోవడం మీ పని కాదు. అది నేర్చిన పెద్దల పని. చెట్టునే కొట్టివేయాలంటే 2002 నాటి నీరు, భూమి, వృక్షాల చట్టం కింద అనుమతి కూడా కావాలి. మీరు ఒక చెట్ల పుస్తకం పెట్టండి. ప్రతి చెట్టు పేరు, రొమ్ము ఎత్తులో మాను చుట్టుకొలత, గాయాలు, ఎండిన కొమ్మలు, పక్షి గూళ్ళు రాయండి. ఏటా అదే నెలలో మళ్ళీ కొలవండి. కొమ్మలు కొట్టేవారు వచ్చినరోజున ఆ పుస్తకం తీసి, గూళ్ళు ఉన్న కొమ్మలేవో, ముందుగా తీయవలసిన ఎండుకొమ్మలేవో చూపండి. కొమ్మ మెడ ఎక్కడుందో కూడా చూపండి.