దిక్కులేని కుక్కను చేరదీయుట

1860వ సంవత్సరమున మేరీ టీల్బీ యను నాంగ్లవనిత లండను నగరమున దిక్కులేని కుక్కలకొక శరణాలయమును స్థాపించెను. అది 1871లో బ్యాటర్సీకి మారి నేటికిని నడుచుచున్నది. మన హైదరాబాదులోని బ్లూక్రాసు సంస్థ 1992లో నారంభమై యిట్టి సేవయే చేయుచున్నది.

ఇట్టి చోటులకు బోవువారు పలువురు కుక్కపిల్లనే కోరుదురు. మేము వయసు వచ్చిన సంకరజాతి కుక్కను గూర్చి చెప్పగోరెదము. పిల్ల పెరిగి యెంతయగునో, యెట్టి గుణము గలదగునో ముందుగా నెఱుగుట కష్టము. పెద్దదానిని చూచియే యెన్నుకొనవచ్చును. అది పిల్లలను చూచి బెదరునా, తినునపుడు గుఱ్ఱుమనునా యని పోషకుల నడిగి తెలిసికొనవలెను.

ఎంత సాధువైనను క్రొత్తయింట కొన్నాళ్లు మూల నణగి తిండి ముట్టకుండవచ్చును. అపుడు కొట్టరాదు, బలవంతముగా నెత్తుకొనరాదు. వేళకు తిండి, ఒకేచోట పడక, మెల్లని మాట, వీనివలన నమ్మకము కుదురును. తినుచున్నపుడును నిద్రించుచున్నపుడును బాలురు దానిని తాకరాదు.

వెఱ్ఱికుక్క వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట రోగి బ్రతుకుట మిక్కిలి యరుదు. కాని నివారణోపాయము కలదు. కుక్కకు పశువైద్యునిచే తప్పక టీకా వేయింపవలెను. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యశాలకు బోవలెను.

ఒకమారు వీధిపాలైన ప్రాణిని మరల వీధిపాలు చేయుట క్రూరము. కావున తిండి పెట్టువారెవరో, సెలవులలో కాచువారెవరో యింటివారెల్లరు ముందే నిశ్చయించుకొని పిమ్మట దానిని తెచ్చుకొందురు గాక!