ప్లాట్లు కొలవడం నేర్పించండి, అమ్మడం తర్వాత చూద్దాం

‘చదువు అబ్బకపోతే రియల్ ఎస్టేట్‌లో దింపుదాం సార్!’ బీచుపల్లి, ఎర్రవల్లి, పెబ్బేరు వైపు తండ్రుల నోట ఈమధ్య తరచూ వింటున్న మాట ఇది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన చేలల్లో నాటిన కడీలు, వాటికి కట్టిన రంగు జెండాలు చూసి పుట్టిన ధీమా. ఇంటర్ తప్పిన కొడుక్కి బైకు కొనిచ్చి వెంచర్ ఆఫీసులో కూర్చోబెడితే కమీషన్లు రాలతాయనుకుంటారు. ఈ ఆలోచన మీద నాకు ఓపిక లేదు. భూమి వ్యాపారానికి చదువెందుకు అనేవాళ్లలో ఎందరు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, లింక్ డాక్యుమెంట్లతో సరిచూసుకోగలరు?

అలా చేరిన అబ్బాయి మొదటి ప్లాటు ఎవరికి అమ్ముతాడు? మేనమామకు. రెండోది చిన్నాయనకు. జీతం ఉండదు, పెట్రోలు ఖర్చు సొంతం. చుట్టాలు అయిపోగానే ఉద్యోగమూ అయిపోతుంది. లేఅవుట్‌కు అనుమతి లేదని తేలిన రోజు కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తరు, చిన్నాయన మాత్రం మీ గుమ్మం ముందే నిలబడతాడు. ఆ పంచాయితీలో ఇరవై ఏళ్లు నిండని పిల్లాణ్ని నిలబెట్టేది కన్నతండ్రే.

‘ప్రీ లాంచ్ ఆఫర్’ బ్రోచర్లు పంచే పని మరీ ప్రమాదం. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, లేదా 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అలాంటి ప్రాజెక్టులు అమ్మే ఏజెంటూ రెరాలో నమోదు కావాలి. కాకుండా అమ్మితే రోజుకు 10 వేల రూపాయల చొప్పున జరిమానా పడవచ్చు. మీ అబ్బాయి చేత అమ్మించే కంపెనీ ఈ సంగతి చెప్పదు.

ఇక హైదరాబాద్ హోటళ్లలో జరిగే ‘రెండ్రోజుల్లో ఇన్వెస్టర్’ వర్క్‌షాపులు. ఫీజు కట్టి వెళ్తే చివరి గంటలో నిర్వాహకుల ప్లాట్లే మీకు అంటగట్టేవి చాలా ఉంటాయి. నేర్పేది తక్కువ, ఊరించేది ఎక్కువ.

‘ఎకరం అమ్మి సిటీలో ఫ్లాట్ కొంటే అద్దెలతోనే బాబు బతుకుతాడు’ అనేది మరో భ్రమ. లెక్క వేసి చూడండి. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 16 వేల అద్దె వస్తే ఏడాదికి 1 లక్షా 92 వేలు, అంటే 3.2 శాతం. అందులోంచి మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఖాళీగా ఉన్న నెలలు తీసేయాలి. కొన్న రోజునే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కింద 7.5 శాతం పోయింది. బ్యాంకు అప్పు 40 లక్షలు తెచ్చి ఉంటే 9 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే మూడున్నర లక్షలు దాటుతుంది. దీన్ని కొడుకు కెరీర్ అనుకోవడం వాడికి అన్యాయం. చౌరస్తాలో మడిగెలు కట్టి అద్దెకిచ్చినవాళ్లను అడగండి, షట్టర్ ఎన్ని నెలలు మూసి ఉందో చెబుతారు.

భూమి మీదే ఆసక్తి ఉంటే నా ఓటు సర్వేకు. భూభారతి చట్టం 2025లో వచ్చాక ప్రభుత్వం లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ మొదలుపెట్టింది. గెట్టు తగాదా లేని ఊరు మన దగ్గర లేదు కాబట్టి పనికి కరువుండదు. సివిల్ డిప్లొమా చాలా తలుపులు తెరుస్తుంది. పదో తరగతి పాసై పాలీసెట్ రాస్తే చాలు, వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే కేడీఆర్ పాలిటెక్నిక్ మనకు పక్కనే ఉంది. లెక్కలు బాగా వచ్చే అమ్మాయిలు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ప్లానింగ్ బీటెక్ కూడా చూడాలి. ప్లానింగ్ అంటే ఏమిటని తండ్రులు అడుగుతారు. మీ వెంచర్ బ్రోచర్‌లో గీసిన 40 అడుగుల రోడ్డు నిజంగా వస్తుందా, చెరువు శిఖంలో కలుస్తుందా చెప్పగలిగే చదువు అది.

ఈ వేసవిలో పిల్లవాడికి మీ పొలం టిప్పన్, పాత పహాణీ, ఒక టేపు ఇవ్వండి. నాలుగు హద్దులు కొలిచి, గుంటకు 121 గజాల లెక్కన మీ పాస్‌బుక్కులోని విస్తీర్ణంతో పోల్చమనండి. ఓ వారం గద్వాల సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్ పక్కన కూర్చోనివ్వండి. వాడికి ఈ పని నచ్చకపోతే నచ్చలేదనే ఒప్పుకోండి. నర్సింగో, వ్యవసాయ డిప్లొమానో అడిగితే ఆ ఫారమే నింపండి.